బాదం రైతుల ఉమ్మడి సొమ్ము: మీ ప్రశ్నలు, మా జవాబులు

కాలిఫోర్నియా బాదం రైతులు పౌనుకు ఇన్ని సెంట్లని పోగేసి పరిశోధనా, ప్రచారమూ సొంతంగా నడుపుకుంటున్నారని కిందటి సంచికలో రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. అక్కడి లెక్కలన్నీ పౌన్లలో ఉంటాయి. పౌనంటే 454 గ్రాములు.

ప్రశ్న: టీవీలో బాదం ప్రకటన వస్తుంది. ఏ కంపెనీ పేరూ కనబడదు, బాదం తినండి అంటారంతే. ఆ డబ్బు ఎవరు పెడుతున్నారండీ? వాళ్ల ప్రభుత్వమా?
*– టమాట రైతు, మదనపల్లె*

జవాబు: ముఖ్యంగా రైతులేనండీ. అమెరికాలో 1937 నాటి వ్యవసాయ మార్కెటింగ్ చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక పంట పండించే రైతుల్లో ఓటు వేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే, లేదా ఓటు వేసినవాళ్ల పంట పరిమాణంలో మూడింట రెండొంతులు పండించేవాళ్లు ఒప్పుకుంటే, ఆ ప్రాంతంలో ఆ పంటకు ఉమ్మడి నియమాలు పెట్టుకోవచ్చు. ఆ చట్టం కిందే 1950లో బాదానికి ఒక ఉత్తర్వు వచ్చింది. దాన్ని నడిపేది మోడెస్టో ఊళ్లో ఉన్న ఆల్మండ్ బోర్డ్ ఆఫ్ కాలిఫోర్నియా. సభ్యులు 10 మంది. అయిదుగురు రైతులు, అయిదుగురు రైతుల దగ్గర కాయ తీసుకుని శుద్ధి చేసి అమ్మే వ్యాపారులు. పైన వ్యవసాయ శాఖ పర్యవేక్షణ ఉంటుంది.

సెస్సు ఇటీవలి ఏళ్లలో పౌను పప్పుకు 3, 4 సెంట్ల మధ్య నడిచింది. లెక్క వేసి చూడండి. ఎకరాకు 2,000 పౌన్లు పండే పదెకరాల రైతు మీద 3 సెంట్ల చొప్పున ఏడాదికి 600 డాలర్లు పడుతుంది. కట్టేది వ్యాపారే అయినా రైతుకిచ్చే ధరలో అది తగ్గే వస్తుంది. రాష్ట్రం మొత్తం మీద 300 కోట్ల పౌన్ల పంట వచ్చిన ఏడాది అదే 9 కోట్ల డాలర్లవుతుంది. పదెకరాల రైతు 600 డాలర్లతో ఒక శాస్త్రవేత్తను నెల రోజులు కూడా పెట్టుకోలేడు, మదనపల్లెలో టీవీ ప్రకటన మాట సరేసరి. అందరి సొమ్మూ కలిస్తేనే ఆ పని జరుగుతుంది. విదేశాల్లో చేసే ప్రచారానికి మాత్రం అమెరికా ప్రభుత్వ ఎగుమతి పథకం నుంచి కొంత వాటా కలుస్తుంది.

ఈ సెస్సు కట్టనంటే కుదరదు. ఇష్టమున్నవాళ్లే కడితే, కట్టనివాడి బాదం కూడా ఆ ప్రకటనతోనే అమ్ముడవుతుంది కదా. తర్వాతి ఏడు ఇంకో నలుగురు మానేస్తారు, అయిదారేళ్లకు నిధి ఎండిపోతుంది. అయితే ఇష్టం లేనివాడి చేత ప్రకటనలకు డబ్బు కట్టించడం న్యాయమేనా అన్న ప్రశ్న అక్కడా లేచింది. పీచ్, నెక్టరిన్, ప్లమ్ పండ్ల విషయంలో అలాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1997లో కట్టించవచ్చని తీర్పు వచ్చింది. అదీ 5-4 తేడాతో. ఆ నలుగురు న్యాయమూర్తుల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన దగ్గర దీనికి చుట్టరికం ఉన్నది కోడిగుడ్ల రైతుల నెక్, అంటే నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ. 1982లో పుట్టింది. పేపర్లో రోజూ వచ్చే గుడ్డు రేటు వాళ్లదే, టీవీలో గుడ్డు ప్రకటనా వాళ్లదే. తేడా ఏమిటంటే నెక్ స్వచ్ఛందం. రైతుల మాట కట్టుబాటు మీద నిలబడింది. బాదం బోర్డు వెనక చట్టం ఉంది. ఇంకో తేడా, నెక్ ధర ప్రకటిస్తుంది, బాదం బోర్డు ప్రకటించదు. అది బాదం కొనదు, అమ్మదు. చట్టసభల్లో రైతుల తరఫున పైరవీ చేయడానికి కూడా ఈ సొమ్ము వాడకూడదు. ఆ పనికి వేరే సంఘం ఉంది, దాని చందా వేరు.

ప్రశ్న: పరిశోధనకు ఖర్చు పెడుతున్నారన్నారు. రైతుకు చేనులో పనికొచ్చేది ఏం తేలిందో చెప్పండి. కాగితాల మీద పరిశోధన మేమూ చూస్తూనే ఉన్నాం.
*– మామిడి రైతు, నూజివీడు*

జవాబు: మీరడిగిన తీరు బాగుంది. మూడు సంగతులు చెప్తాం. మొదటిది వాళ్ల బద్ధశత్రువు నేవల్ ఆరెంజ్‌వర్మ్ అనే పురుగు. పేరులో నారింజ ఉన్నా అది బాదం మీదే ఎక్కువ బతుకుతుంది.

కోత అయిపోయాక చెట్టుకు కొన్ని కాయలు ఊడిరాకుండా ఎండి నల్లబడి అంటుకుపోతాయి. అక్కడివాళ్లు వాటిని ‘మమ్మీలు’ అంటారు. చలికాలంలో అలాంటి కాయ ఒకటి తెంపి చీల్చి చూస్తే లోపల పప్పు ఉండదు, గోధుమరంగు పొడీ, సాలెగూడు లాంటి దారాలూ, మధ్యలో తెల్లటి పురుగూ ఉంటాయి. పురుగు చలి గడిపేది అందులోనే. వసంతంలో రెక్కల పురుగై బయటికొచ్చి, మొదట మిగిలిన మమ్మీల మీదే గుడ్లు పెడుతుంది. జూలైలో కొత్తకాయ పైతొక్క పగిలేసరికి వాటి మీదికి దూకుతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చెప్పే పద్ధతి ఇది. జనవరిలో ఒక్కో తోటలో 20 చెట్లు చూసి మమ్మీలు లెక్కపెట్టాలి. ఫిబ్రవరి 1 నాటికి చెట్టుకు రెండుకు మించకూడదు. దక్షిణాన పురుగు ఒత్తిడి ఎక్కువున్న కెర్న్ జిల్లా వైపు రెండు కూడా ఎక్కువే, అయిదు చెట్లకు ఒకటికి మించొద్దంటారు. యంత్రంతో చెట్టును కుదిపి గానీ గడలతో కొట్టి గానీ రాలుస్తారు. వానో మంచో పడిన మర్నాడు కొడితే మమ్మీలు నానిన బరువుకు సులువుగా రాలతాయి. పొడి రోజున కొడితే సగం చెట్టు మీదే ఉంటాయి, కూలీ దండగ. రాలినవాటిని వరసల మధ్యకు ఊడ్చి మార్చి 15 లోగా యంత్రంతో నుగ్గు చేయాలి. రాల్చి నేల మీద వదిలేస్తే పని సగమే అయినట్టు. పురుగు అక్కడినుంచే లేచి వస్తుంది.

ఆ పురుగు తొలిచిన రంధ్రంలోంచే బూజు దిగి అఫ్లటాక్సిన్ విషం పుడుతుంది. యూరప్ వాళ్లు తినడానికి సిద్ధంగా ఉన్న బాదంలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములకు మించనివ్వరు. మించితే సరుకు వెనక్కే. చేనులో రాల్చకుండా వదిలిన మమ్మీకీ రేవులో ఆగిపోయిన కంటైనరుకీ సంబంధం అంత సూటిగా ఉంటుంది.

ఇప్పుడు ఆడపురుగు వాసనను తోటంతా నింపి మగవాటిని దారి తప్పించే పద్ధతి కూడా వాడుతున్నారు. కనీసం 40 ఎకరాలు కలిసి ఉంటేనే అది బాగా పనిచేస్తుంది. చిన్న తోటలో పెడితే పక్క తోటలో జతకట్టిన ఆడపురుగు ఎగిరొచ్చి గుడ్లు పెట్టి పోతుంది. మీ మామిడిలో పండు ఈగ ఎరలు ఒక్కరే కడితే ఏమవుతుందో మీకు తెలిసిందే. ఇలాంటి పురుగుకు ఒంటరి వైద్యం లేదు.

రెండోది ఎరువు లెక్క. వెయ్యి పౌన్ల పప్పు పండితే కాయ మొత్తంతో కలిపి 68 పౌన్ల నత్రజని చేను దాటిపోతుందని బోర్డు నిధులతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జరిగిన పనిలో తేలింది. ఎకరాకు 2,000 పౌన్లు పండే తోటలో పోయేది 136 పౌన్లు. వేసినదాంట్లో 70 శాతమే చెట్టుకు అందుతుందనుకుంటే సుమారు 194 పౌన్లు అందించాలి. అందులోంచి బోరునీటిలో ఉన్న నైట్రేటును తీసేయాలి. నీటిలో నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) ఉండి, ఎకరా మీద మూడడుగుల లోతు నీరు పారిస్తే 81 పౌన్లు నీటితోనే వచ్చేసినట్టు. ఇక బస్తాలో కొనాల్సింది 113 పౌన్లే. దాన్ని కూడా ఒకేసారి వేయరు. చిగురు వేళ 20 శాతం, కాయ పెరిగేటప్పుడు 30, పప్పు నిండేటప్పుడు 30, కోత దగ్గర నుంచి కోత తర్వాత దాకా 20. ఎక్కువ వేస్తే ఖర్చు ఒక్కటే కాదు, పైతొక్క కుళ్లు తెగులు పట్టి కాయ ఉన్న కొమ్మలే ఎండిపోతాయి.

మూడోది నీరు. అదే కుళ్లు తెగులుకు ఇంకో మందు, తొక్క పగిలే వేళ రెండు వారాలు చెట్టును కొద్దిగా దాహంలో ఉంచడం. ఎంత దాహమో చేత్తో మట్టి పిసికి చెప్పలేం. మొదలుకు దగ్గరగా నీడలో ఉన్న ఆకును తళతళలాడే రేకు సంచిలో మూసి కనీసం పది నిమిషాలాగి తెంపుతారు. తొడిమె కొన బయటికి వచ్చేలా చిన్న ఉక్కు గదిలో బిగించి లోపల గాలి ఒత్తిడి పెంచుతారు. తొడిమె కొస తడి మెరిసిన క్షణంలో ముల్లు చదువుతారు. మధ్యాహ్నం 12 నుంచి 4 లోపు చూస్తే ఆ ఒత్తిడి 14 నుంచి 18 బార్ల మధ్య ఉండాలి. పప్పు ఇంకా నిండకముందే ఎండగడితే గింజ నొక్కుకుపోతుంది. మోతాదు కంటే అదను ముఖ్యం.

తేనెటీగల గురించి ఇంకో ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరి పూతకు ఎకరాకు రెండు పెట్టెలు అద్దెకు తెస్తారు. ఎక్కువ రకాలకు సొంత పుప్పొడి పనికిరాదు, అందుకే నాన్‌పరేల్ అనే ప్రధాన రకం వరస పక్కన వేరే రకం వరస ఉంటుంది. పూతలో బూజుమందు కొట్టక తప్పకపోతే పుప్పొడంతా ఈగలు ఎత్తుకుపోయాక, పొద్దువాలాకనే కొట్టమని 2014లో బోర్డు ప్రచురించిన సూచనల్లో ఉంది.

ప్రశ్న: మేం పప్పు కాక పెంకుతో ఉన్న కాలిఫోర్నియా బాదమే ఎక్కువ తెప్పిస్తాం. రేటు ఎప్పుడు పెరుగుతుందో ముందే తెలుసుకునే మార్గం ఉందా?
*– డ్రైఫ్రూట్స్ టోకు వ్యాపారి, బేగంబజార్, హైదరాబాద్*

జవాబు: పెంకుతో ఎందుకు వస్తుందో మీకు తెలిసినా మిగతా పాఠకుల కోసం చెప్తాం. 2019లో పెంచిన సుంకాలను 2023 సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నాక, పెంకుతో ఉన్న బాదానికి కిలోకు రూ. 35, పప్పుకు రూ. 100 అయింది. నాన్‌పరేల్ పెంకు పల్చన. కిలో కాయకు 650 నుంచి 700 గ్రాముల పప్పు వస్తుంది. 700 గ్రాముల లెక్కన కిలో పప్పుకు కాయ సుమారు 1.43 కిలోలు కావాలి, సుంకం రూ. 50. అంటే కిలోకు రూ. 50 ఆదా, దాన్లోంచే కొట్టే కూలి పోవాలి. 600 గ్రాములే వచ్చే సరుకు తగిలితే కాయ ధరలోనే నష్టపోతారు. అందుకే పెట్టెకొకటి చొప్పున తీసి, కిలో తూచి, కొట్టి, పప్పు తూచి చూడనిదే సరుకు దించుకోకండి.

రేటు సంగతి. జోస్యం ఎవరూ చెప్పలేరు గానీ లెక్కలు అందరికీ తెరిచే ఉంటాయి. మేలో రైతులను అడిగి వేసే మొదటి అంచనా, జూలైలో కొమ్మల మీద కాయలు నిజంగా లెక్కపెట్టి వేసే రెండో అంచనా వస్తాయి. రెండిటికీ ఖర్చు బోర్డుదే, చేసేది వ్యవసాయ శాఖ గణాంకాల విభాగం. తర్వాత ప్రతి నెలా బోర్డు ఒక నివేదిక ఇస్తుంది. వచ్చిన పంట ఎంత, ఏ దేశానికి ఎంత వెళ్లింది, ఒప్పందం అయి ఇంకా వెళ్లనిది ఎంత, అమ్ముడుపోనిది ఎంత, అన్నీ అందులో ఉంటాయి. అక్కడ సంవత్సరం ఆగస్టు 1 నుంచి మొదలు. మీరు చూడాల్సిన అంకె అమ్ముడుపోని నిల్వ. ఎగుమతి బాగుందన్న వార్త ఒక్కటే చూసి కొంటే దెబ్బతింటారు, నిల్వ కొండలా ఉన్న ఏడాది ఎగుమతి పెరిగినా ధర లేవదు.

ఇంకో దారి ఆస్ట్రేలియా. అక్కడ కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య, అంటే కాలిఫోర్నియా పాత పంట సన్నగిల్లే వేళ కొత్త సరుకు. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్న వ్యాపార ఒప్పందం ప్రకారం ఏటా 34,000 టన్నుల వరకు సుంకం సగమే. అక్కడి రైతులూ సెస్సు కడతారు, పరిశోధన వాటాకు వాళ్ల కేంద్ర ప్రభుత్వం జత సొమ్ము వేస్తుంది.

ప్రశ్న: అమెరికా బాదం అంతా పాశ్చురైజ్ చేసిందే అంటున్నారు. అయితే మేం నానబెట్టి తినేది పచ్చి బాదం కాదా?
*– గృహిణి, కాకినాడ*

జవాబు: సగమే నిజమమ్మా. 2001లోనూ 2003-04లోనూ పచ్చి బాదం తిన్నవాళ్లకు సాల్మొనెల్లా అనే రోగకారక సూక్ష్మజీవి సోకింది. దాంతో రైతులూ వ్యాపారులే నియమం కోరి తెచ్చుకున్నారు. 2007 సెప్టెంబరు నుంచి అమెరికా, కెనడా, మెక్సికోల్లో అమ్మే కాలిఫోర్నియా బాదానికి ఆవిరి, వేయింపు, లేదా ప్రొపిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి తప్పనిసరి. సూక్ష్మజీవులు పదివేలలో ఒకటికి మించి మిగలకూడదన్నది కొలత. మిగతా దేశాలకు వెళ్లే సరుకుకు ఆ నిర్బంధం లేదు, శుద్ధి చేయలేదని పెట్టె మీద రాస్తే చాలు. మన దగ్గరికి పెంకుతో వచ్చి ఇక్కడ పగిలే బాదం చాలావరకు పచ్చిదే.

కాబట్టి కడిగి, మంచినీళ్లలో నానబెట్టి, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. కాకినాడ ఎండల్లో గట్టు మీద రాత్రంతా ఉంచితే ఆ నీరే సూక్ష్మజీవులకు పాలు పోసినట్టు. నానిన నీళ్లు పారబోయండి. ఎండు పప్పును గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే ముక్కిపోకుండా నెలల తరబడి ఉంటుంది.

ప్రశ్న: బాదం షుగరుకు మంచిదని వచ్చే అధ్యయనాలకు డబ్బు బోర్డే ఇస్తుందట కదా. నమ్మొచ్చా?
*– పోషకాహార విద్యార్థిని, విజయవాడ*

జవాబు: ఎవరు డబ్బిచ్చారో చూడటం సరైన అలవాటమ్మా. చూసి పక్కన పడేయకుండా ఇంకో నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎంతమంది మీద, ఎన్నాళ్లు, పోల్చిన గుంపు ఏం తిన్నది, ఎంత మోతాదు. ఢిల్లీలో బోర్డు నిధులతో మధుమేహం అంచున ఉన్న 60 మంది మీద మూడు నెలలు చేసిన పరీక్షలో, రోజుకు మూడు భోజనాలకూ అరగంట ముందు 20 గ్రాముల చొప్పున బాదం ఇచ్చారు. చక్కెర తగ్గింది. అయితే రోజుకు 60 గ్రాములు మన మధ్యతరగతి ఇంట్లో నెలకు కిలో ఎనిమిది వందల గ్రాములు, ఒక్క మనిషికే. మందు మానేసి బాదం తినమని ఆ పరీక్ష చెప్పలేదు.

కేలరీల విషయం మాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. బాదం రుబ్బకుండా పప్పు పళంగా నమిలి తింటే ప్యాకెట్ మీద రాసినదానికంటే సుమారు పాతిక శాతం తక్కువ కేలరీలే ఒంటికి పడతాయని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తల కొలతల్లో తేలింది. కణాల గోడల్లో చిక్కిన నూనె అరగకుండానే పోతుంది. బాదం ముద్దగా రుబ్బితే ఆ తేడా ఉండదు, గోడలు పగిలిపోతాయి కదా. ఈ పనికీ బోర్డు సొమ్ము ఉంది, కానీ బాదం ముద్ద అమ్మేవాడికి నచ్చని ఫలితాన్నీ ప్రచురించారు. మేం నమ్మకం పెంచుకునేది అలాంటి చోటే.

ప్రశ్న: ఇంత బోర్డు ఉండి 2020 తర్వాత ధర అలా ఎందుకు పడిపోయింది? మా పరిచయస్తులు ఫ్రెజ్నో దగ్గర తోట కొని నష్టపోయారు.
*– ఫ్రీమాంట్, కాలిఫోర్నియా*

జవాబు: బోర్డు గిరాకీ పెంచగలదు, నాటడం ఆపలేదు. 2014లో పౌను 4 డాలర్లు పలికింది. అది చూసి నాటిన మొక్కలన్నీ 2018 తర్వాత కాపుకొచ్చాయి. 2020లో పంట మొదటిసారి 300 కోట్ల పౌన్లు దాటింది. పైగా 2021లో రేవుల్లో కంటైనర్లు దొరక్క సరుకు గోదాముల్లో పేరుకుంది. 2022 నాటికి ధర 1.40 డాలర్ల దగ్గరికొచ్చింది. బాదం చెట్టు పాతికేళ్లు ఉంటుంది. ధర బాగున్న ఏడాది నాటినవాడికి కాపు వచ్చేది ధర పడిన ఏడాదే. తోట కొనేవాళ్లు ధర కంటే ముందు నీటి హక్కు చూడాలి. భూగర్భజలం తోడటానికి 2014 చట్టం కింద పరిమితులు బిగుస్తున్నాయి, కాలువ నీరు లేని తోట చవగ్గా దొరుకుతోందంటే కారణం అదే.

ప్రశ్న: మా జీడిమామిడికి కూడా ఇలా సెస్సు పెట్టుకుంటే?
*– పలాస*

జవాబు: పెట్టుకోవచ్చు, కానీ ప్రకటనలకు కాదు. ప్రపంచ బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాదే, బాదం తినండి అని ఖర్చు పెట్టిన రూపాయిలో ఎనభై పైసలు వాళ్ల తోటకే తిరిగొస్తాయి. మన జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఆడేది చాలావరకు ఆఫ్రికా గింజ. జీడిపప్పు తినండి అని మీరు ప్రకటన ఇస్తే లాభం ఆ గింజకు పోతుంది. గుంటూరు పొగాకు బోర్డును కూడా నమూనాగా తీసుకోలేరు, 1976 నుంచి అది ప్రభుత్వ సంస్థ, సాగు పరిమితీ వేలమూ దాని పనులు.

మీ సొమ్ము పెట్టాల్సింది కాండం, వేరు తొలిచే పురుగు మీద. అది పట్టి చచ్చిన చెట్టును వేళ్లతో సహా తీసి తగలబెట్టకపోతే చుట్టుపక్కల తోటలన్నిటికీ పాకుతుంది. ఊరంతా కలిసి ఒకే వారంలో చచ్చిన చెట్లు తీయించడానికి కిలో గింజకు రూపాయి చొప్పున, టన్నుకు వెయ్యి, పోగేసుకుంటే యంత్రం అద్దెకు సరిపోతుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం వాళ్లను ఆ వారమే పిలిపించుకోండి.

ప్రశ్న: మా పెరట్లో బాదం చెట్టు ఉంది. దాని పప్పు ఇదేనా?
*– అమలాపురం*

జవాబు: కాదండీ. పెద్ద ఆకులతో గొడుగులా పెరిగే మన నాటు బాదం వేరే జాతి, పప్పు తినొచ్చు గానీ కాయకు చిటికెడే. అసలు బాదం పీచ్ పండుకు చుట్టం. పూత రావాలంటే శీతాకాలంలో 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగలాలి. నాన్‌పరేల్‌కు 400 దాకా కావాలి. కోనసీమలో ఆ చలి పడదు, నర్సరీవాళ్లు అమ్మినా కొనకండి. మన దేశంలో అది కాసేది కశ్మీర్‌లోనూ హిమాచల్‌లోని కిన్నౌర్ వైపూ.